ప్లగ్గు పెట్టే ముందు

మే నెల. తెల్లవారి అయిదున్నర. శంషాబాద్ దాటి నర్కుడ వైపు తిరిగిన రోడ్డు మీద, కారవాన్‌లో డ్రైవరు పక్కసీట్లో కూర్చుని ఉన్నారు మీరు. అద్దంలోంచి ముందు కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. కాసేపటికి వాటి పైనుంచి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి గోపురం లేస్తుంది, ఏడంతస్తులు, ఇంకా వెలుగు తగలక బూడిదరంగులో. గోపురం మీద శేషశయనుడు పడుకుని ఉన్నాడని తెలిసినవాళ్లకే ఈ మసక వెలుతురులో ఆ ఆకారం అంతుపడుతుంది. ఈ గుడి, దాని కోనేరు మీరు చూసిన సినిమాల్లో ఎన్నోసార్లు కనిపించే ఉంటాయి. ఇక్కడ మొదటి క్లాప్ కొడితే సినిమా ఆడుతుందని పరిశ్రమలో ఒక నమ్మకం. అందుకే ఈ మట్టిదారికి కారవాన్ల టైర్లు బాగా అలవాటు.

బండి ఆగింది. కుర్రాడు దూకేసి, వెనక డిక్కీలోంచి నారింజరంగు కేబులు డ్రమ్ము దించాడు. పక్కనే ఉన్న ఫామ్‌హౌస్ వాళ్లతో మాట్లాడి, డబ్బు కట్టి, ఒక 16 ఆంపియర్ల సాకెట్ తీసుకుంది ప్రొడక్షన్. కారవాన్‌కి సొంత జనరేటర్ ఉంది కానీ, ఈరోజు డైలాగులు ఇక్కడే రికార్డు చేస్తున్నారు. జనరేటర్ మోత మైకులో పడితే టేకు పోయినట్టే. కాబట్టి లైను కరెంటే దిక్కు.

కుర్రాడి చేతిలో ప్లగ్గు సాకెట్‌కి జానెడు దూరంలో ఉండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఆగు తమ్మీ. మీటరు పెట్టకుండ ప్లగ్గు పెట్టద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"నిన్న గూడ ఇదే లైను గదన్నా. మంచిగనే ఉండె."

"నిన్నటి కరెంటు నిన్నటిది. ఇయ్యాల్టిది చూడు."

పెద్దాయన కారవాన్లకు వైరింగ్ చేసే మనిషి. చొక్కా జేబులో టెస్టరు, చేతిలో గీతలు పడ్డ పసుపుపచ్చ మల్టీమీటరు. మీరు ఆయన పక్కన కూర్చుని, మీటరు మీదికి సెల్‌ఫోన్ లైటు పట్టారు.

మొదట ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య: 236. బాగుంది. మన దేశంలో ఇంటి కరెంటు 230 వోల్టులు, పది శాతం అటూ ఇటూ. అంటే 207 నుంచి 253 దాకా ఎంతున్నా లెక్కలోకి వస్తుంది. చాలామంది ఇక్కడే తృప్తిపడి ప్లగ్గు నొక్కేస్తారు. పెద్దాయన ఆగలేదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పుల్లలు పెట్టాడు: 148. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య: 87.

"చూసినవా? ఎర్తు రంధ్రంల వైరున్నది. గని ఆ వైరు భూమిని ముట్టలే."

ఎర్త్ సరిగ్గా ఉంటే మొదటి రెండు లెక్కలూ దాదాపు సమానంగా ఉండాలి. మూడోది ఒకటి రెండు వోల్టులు దాటకూడదు. ఇక్కడ మీటరు చూపించింది ఎటూ తగలకుండా గాల్లో వేలాడే తీగ వోల్టేజి. ఇంట్లో అయితే ఈ లోపం ఏళ్లతరబడి దాగి ఉంటుంది. కారవాన్‌లో దాగదు. బండి నిలబడేది రబ్బరు టైర్ల మీద. లోపల ఏ తీగ ఒరుసుకుపోయినా, ఏ గీజరు లీకయినా, ఆ కరెంటు పోవడానికి దారిలేక ఇనుప బాడీ అంతటా కూర్చుంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకున్న మొదటి మనిషే దానికి దారి. "బాడీ జుమ్మంటున్నది" అని యూనిట్‌లో ఎవరైనా అంటే నవ్వి వదిలేయకండి. ఆ క్షణమే ప్లగ్గు పీకించండి.

ఎర్త్ గుంత ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లారు మీరిద్దరూ. బోరు స్టార్టరు పెట్టె వెనక, ఎండిన గడ్డిలో, మూత పగిలిన చిన్న తొట్టి. లోపలి పైపుకి బిగించిన బోల్టు తుప్పుపట్టి వదులైపోయింది. మేలో భూమి నెర్రెలిచ్చి ఉంది. సాకెట్ దగ్గర స్విచ్చులన్నీ ఆపించి, పెద్దాయన ఉప్పుకాగితంతో బోల్టు తళతళలాడేదాకా రుద్దాడు. కొత్త వాషరు వేసి బిగించాడు. కుర్రాడు కోనేటి పక్క కుళాయి నుంచి రెండు బకెట్ల నీళ్లు తెచ్చి గుంతలో పోశాడు. నీళ్లు చుయ్యిమని ఇంకిపోయాయి.

మళ్లీ మీటరు. 236. 235. 1.

అప్పటికి గోపురం కొసన ఎండ పడింది. విమానాశ్రయం వైపు నుంచి ఒక విమానం గాలికి ఎదురుగా పడమటికి లేచి, మీ నెత్తిమీదుగా వెళ్లిపోయింది.

"ఇగ డ్రమ్ము మొత్తం ఇప్పు," అన్నాడు పెద్దాయన. "సగం చుట్టి ఉంచకు."

ఇది మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డ్రమ్ముకి చుట్టి ఉండగానే కేబుళ్లు కాలిపోతుంటాయి. సాకెట్ నుంచి బండికి 40 మీటర్లు. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి లెక్కకి 80 మీటర్లు. దుకాణాల్లో చవగ్గా దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే ఆ దూరానికి ఓము కన్నా కాస్త తక్కువ నిరోధం ఉంటుంది. 13 ఆంపియర్లు లాగితే దారిలోనే 12 వోల్టులకు పైగా పోతాయి. పోయినవి మాయం కావు, వేడవుతాయి. సుమారు 160 వాట్లు, అంటే పాతకాలం గుండు బల్బులు రెండు వెలిగినంత. ఆ వేడి 40 మీటర్ల పొడుగునా పరుచుకుంటే గాలికి ఆరిపోతుంది. చుట్ట చుట్టి ఉంటే ఒక్కచోటే మరిగి, పైనున్న ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. పెద్దాయన కేబులు 4 చదరపు మిల్లీమీటర్లది. దారిలో పోయేది 5 వోల్టుల లోపే. అయినా మొత్తం విప్పిస్తాడు.

ఇప్పుడు లోపలికి రండి. చల్లని అద్దాలు, తెల్ల సోఫా, మేకప్ అద్దం చుట్టూ చిన్న చిన్న ఎల్ఈడీ బల్బులు. మీ కళ్లు వాటి మీద ఉన్నాయి. పెద్దాయన కళ్లు తలుపు పక్కన ఉన్న ఎంసీబీ డబ్బా మీద. అక్కడ లోపలి మూతకి ఒక కాగితం అంటించి ఉంది, బాల్‌పెన్నుతో రాసింది. టన్ను ఏసీలు రెండు, ఒక్కోటి 1100 వాట్లు. గీజరు 2000. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు 1600. ఇస్త్రీ పెట్టె 1000. మైక్రోవేవ్ 1200. కెటిల్ 1500. ఫ్రిజ్ 150. అద్దం లైట్లన్నీ కలిపి 100.

కూడితే 9750 వాట్లు. బయట సాకెట్ ఇవ్వగలిగింది 16 ఆంపియర్లు, 230తో గుణిస్తే 3680. అదీ పొద్దస్తమానం లాగడానికి కాదు. గంటల తరబడి నడిపేటప్పుడు 13 ఆంపియర్ల దగ్గర ఆగడం క్షేమం, అంటే 3000 వాట్లకు అటూ ఇటూ. ఉన్న సామానులో మూడో వంతు కూడా ఒకేసారి నడవదన్నమాట.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వేసవి సెలవుల్లో ఆర్‌వీ అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కో యెల్లోస్టోన్‌కో వెళ్లి, అక్కడ క్యాంపుల్లో 30 ఆంపియర్ల కరెంటు ఇస్తారని గొప్పగా చెబుతారు. వినడానికి మన 16 కన్నా రెట్టింపులా ఉంటుంది. కానీ అక్కడ వోల్టేజి 120. గుణించి చూడండి: 3600. ఈ నర్కుడ ఫామ్‌హౌస్ గోడ సాకెట్ ఇచ్చేదానికన్నా 80 వాట్లు తక్కువే. బండి డాలస్‌లో ఉన్నా అమ్మపల్లిలో ఉన్నా, మనిషి చేయాల్సిన కూడిక ఒకటే.

ఆరుంబావుకి మేకప్ ఆమె వచ్చింది. "అన్నా, డ్రయ్యర్ పెట్టుకోవాలి."

"పెట్టుకో అమ్మా. వెనక ఏసీ ఆపుతున్న, పావుగంట."

ఆ ఒక్క మాటలోనే లోడు సర్దడమంతా ఉంది. రెండు ఏసీలు, ఫ్రిజ్, లైట్లు కలిసి 2450. దాని మీద డ్రయ్యరు పడితే 4050, సాకెట్ మించిపోయింది. ఒక ఏసీ ఆపితే 2950, గట్టెక్కింది. గీజరు ఆయన బండి చేరగానే, ఏసీలు వేయకముందే పెట్టి, నీళ్లు కాగగానే ఆపేశాడు. వేడి పుట్టించే వస్తువులు రెండు ఒకేసారి నడవకూడదు. ఆయన పాటించే నియమాల్లో పెద్దది ఇదే, మిగతావన్నీ దాని పిల్లలు. కెటిల్ పెట్టినప్పుడు ఇస్త్రీ పెట్టె ఆగాలి, ఇస్త్రీ చేసేటప్పుడు మైక్రోవేవ్ ఆగాలి.

పదకొండింటికి షాటు గుడి లోపలికి మారింది. కారవాన్ దగ్గర పని తగ్గింది. పెద్దాయన మోటారుసైకిల్ తీశాడు. "శంషాబాద్ పోయొద్దాం సార్, డబ్బాల ఒక సామాను మార్చాల్సున్నది." మీరు వెనక ఎక్కారు.

బెంగుళూరు హైవే ఎండకి నీళ్లలా మెరుస్తోంది. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక ఈ ఊరి దుకాణాల వరస సాగుతూనే ఉంది. గదులిచ్చే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, వాటికి కావలసిన లైట్లు, తీగలు. మీరు ఆగింది అలాంటి ఒక ఎలక్ట్రికల్ షాపు ముందు. ఫ్యాను గాలికి గుమ్మానికి వేలాడే కేబులు చుట్టలు ఊగుతున్నాయి.

సర్జ్ ప్రొటెక్టర్ కావాలనగానే కౌంటర్ మీద మూడు వస్తువులు వచ్చిపడ్డాయి. మూడింటినీ జనం ఆ పేరుతోనే అడుగుతారు కాబట్టి షాపు అబ్బాయి తప్పేం లేదు. మీరు ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూడండి.

మొదటిది నాలుగు సాకెట్ల స్పైక్ గార్డు, ఎర్ర స్విచ్చుది. ఇది 6 ఆంపియర్లది. టీవీకీ ల్యాప్‌టాప్‌కీ సరే, బండి మొత్తాన్ని దీనికి తగిలించడం మాత్రం ప్రమాదం.

రెండోది ఎంసీబీ పక్కన పట్టాలో కూర్చునే చిన్న పెట్టె, ఎస్పీడీ. దాని మొహం మీద ఆకుపచ్చ కిటికీ ఉంది. పెద్దాయన కళ్లజోడు తీసి అక్షరాలు చదివాడు. టైప్ 2. టైప్ 1 అనేది పైన పిడుగు కడ్డీ ఉన్న భవనాలకు. టైప్ 3 చివరి వస్తువు దగ్గర పెట్టేది. బండి డబ్బాకి టైప్ 2 సరిపోతుంది. తర్వాత నిలకడగా భరించే వోల్టేజి: 320. పక్కనే 275 రాసిన ఇంకో పెట్టె ఉంది. మన ఊళ్లలో అర్ధరాత్రి వాడకం తగ్గాక లైను 260 కూడా చూపిస్తుంది కాబట్టి ఆయన 320 దే పక్కన పెట్టుకున్నాడు. ఆ తర్వాత, దాటనిచ్చే వోల్టేజి: 1.5 కిలోవోల్టులు. ఇది ఎంత తక్కువుంటే అంత మేలు. ఎందుకంటే పిడుగు తాకిడి వచ్చినప్పుడు మీ ఏసీ బోర్డు భరించాల్సిన దెబ్బ అదే.

లోపల ఉండేది జింక్ ఆక్సైడ్ బిళ్ల. మామూలు వోల్టేజికి గోడలా అడ్డంగా నిలబడుతుంది. వోల్టేజి ఉన్నట్టుండి వేలల్లోకి ఎగిరితే రెప్పపాటు కన్నా ఎన్నోరెట్లు వేగంగా తలుపు తెరిచి, ఆ ఉప్పెనను ఎర్త్‌లోకి మళ్లిస్తుంది. అందుకే పొద్దున ఆ తుప్పు బోల్టు కోసం అంత యాతన. ఎర్త్ లేని బండిలో ఎంత ఖరీదైన ఎస్పీడీ పెట్టినా అది మళ్లించడానికి కాలవ ఉండదు. దానికి వెళ్లే తీగలు కూడా పొట్టిగా, మొత్తం అరమీటరు మించకుండా ఉండాలి. పొడుగు తీగలే దెబ్బలో కొంత భాగాన్ని వెనక్కి తన్నుతాయి.

మూడోది అంకెలు వెలిగే డబ్బా, ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి కటాఫ్. షాపు అబ్బాయి దీన్ని చివర పెట్టాడు. పెద్దాయన మాత్రం దీని కోసమే వచ్చాడు. ఎందుకో దారిలో చెప్పాడు. బండి చెట్టు నీడన ఆపి మరీ చెప్పాడు.

కిందటేడు ఇటువైపే ఒక ఫంక్షన్ హాల్ పార్కింగులో కారవాన్ నిలిపారు. పెళ్లి బ్యాండు వెళ్లిపోయాక, రాత్రి పదకొండు దాటాక, ఎక్కడో న్యూట్రల్ తెగింది. మన వీధి లైను మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. మూడు ఫేజుల బరువునీ కట్టి ఉంచే మేకు న్యూట్రల్. ఆ మేకు ఊడితే ఎక్కువ లోడున్న ఫేజు కిందికి దిగిపోతుంది, తక్కువ లోడున్నది పైకి ఎగిరిపోతుంది. ఆ రాత్రి కారవాన్ తక్కువ లోడున్న ఫేజు మీద ఉంది.

"మీటరు తీసి చూస్తే 370 సార్. మస్తు సేపు అట్లనే ఉన్నది."

బండిలో అప్పటికే ఎస్పీడీ ఉంది. కంపెనీది, నిఖార్సయినది. అయినా ఏమీ చేయలేకపోయింది. ఆ బిళ్ల సెకనులో లక్షో వంతు కాలం వచ్చిపోయే ఉప్పెనకోసం పుట్టింది, గంటసేపు నిలబడే వరద కోసం కాదు. 370 వోల్టులు నిలకడగా పడేసరికి ప్రతి అరచక్రంలోనూ తలుపు కాస్త కాస్త తెరుచుకుని, తనలో తానే మరిగి, నల్లబడి చచ్చిపోయింది. మంచిది కాబట్టి లోపలి ఉష్ణ ఫ్యూజు తెగి నిప్పు లేవలేదు. ఏసీ బోర్డులు రెండూ, ఫ్రిజ్, టీవీ, బ్యాటరీ చార్జరు మాత్రం పోయాయి. రిపేరు డబ్బుని ఓనరు డ్రైవరు జీతంలో కోసుకున్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు మారింది. ప్లగ్గు పెట్టిన మనిషికి నేరం అంటగట్టడం సులువు. ఆ డబ్బాలో ఇంకో చిన్న పెట్టె ఉండి ఉంటే ఆ మనిషి నెల జీతం నిలబడేది.

నా మాట అడిగితే, మన దగ్గర బండికి మొదట కొనాల్సింది ఈ అంకెల డబ్బా. పిడుగు తాకిడి ఎప్పుడో వస్తుంది. వోల్టేజి ఎగరడం, కూలబడటం వారంవారం చూస్తాం. 270 దాటితే కోసేయాలి, 180 కన్నా దిగితే కోసేయాలి. కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి కలపాలి. ఆ మూడు నిమిషాలు ఏసీ కంప్రెసర్ కోసం. లోపలి ఒత్తిడి సమం కాకముందే దాన్ని లేపితే మోటారు తిరగలేక మూలుగుతుంది, మామూలు కన్నా నాలుగయిదు రెట్ల కరెంటు లాగి కాలుతుంది.

సాయంత్రం నాలుగు. డబ్బాలో కొత్త పెట్టెలు రెండూ కూర్చున్నాయి. ముందు 32 ఆంపియర్ల మెయిన్ స్విచ్, తర్వాత ఎస్పీడీ, ఆపైన కటాఫ్, దాని వెనక మనిషి ప్రాణానికి కాపలాగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పెద్దాయన దాని టెస్ట్ బటను నొక్కాడు. టక్కుమని పడిపోయింది. ఆయన ముఖంలో ఆ చప్పుడుకి తృప్తి కనబడింది.

అప్పుడే గాలి మారింది. పొద్దుటినుంచి పడమటినుంచి వీస్తున్నది ఆగిపోయి, కొబ్బరాకులు కదలకుండా నిలబడ్డాయి. వికారాబాద్ వైపు ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడుతోంది. ఒక్కసారిగా దుమ్ము లేచింది. గొడుగులు, రిఫ్లెక్టర్లు ఎగరకుండా లైట్‌మెన్ పరుగెత్తారు. దూరంగా ఒక మెరుపు. పెదవులు కదుపుతూ పెద్దాయన లెక్కపెట్టాడు. తొమ్మిది అనేసరికి ఉరిమింది. శబ్దానికి కిలోమీటరుకి సుమారు మూడు సెకన్లు పడుతుంది. అంటే పిడుగు మూడు కిలోమీటర్ల అవతల.

"ప్లగ్గు పీకు తమ్మీ."

కుర్రాడు అయోమయంగా చూశాడు. "కొత్త డబ్బా పెట్టినం గదన్నా?"

"డబ్బా డబ్బానే. లైను మీదనే పిడుగు పడితె ఏ డబ్బా ఆగది. పీకి దూరం పెట్టు."

ముందు లోపల ఏసీలు, ఫ్రిజ్, లైట్లు ఒకదాని తర్వాత ఒకటి ఆపి, ఆ తర్వాత ప్లగ్గు తీశారు. తీసిన కొసని తడవకుండా బకెట్ బోర్లించి దాని కింద పెట్టారు. వర్షానికి ఎలాగూ షూటింగ్ ఆగింది కాబట్టి జనరేటర్ వేయొచ్చు. అది 7.5 కేవీఏది. 0.8తో గుణిస్తే 6000 వాట్లు, అందులో అయిదింట నాలుగు వంతులు వాడుకుంటే దానికీ ఆయుష్షు. ఖాళీగా అయిదు నిమిషాలు తిప్పి, గొట్టం పొగ మనుషులున్న కిటికీ వైపు రాకుండా చూసుకుని, అప్పుడు చేంజోవర్ తిప్పాడు. లోపల అద్దం లైట్లు వెలిగాయి. పై రేకు మీద వాన చినుకులు గుప్పిట్లతో శనగలు పోసినట్టు పడుతున్నాయి. మీరు సోఫా మీద కూర్చుని, ఇచ్చిన టీ రెండు చేతులతో పట్టుకున్నారు.

గంట తర్వాత వాన వెలిసింది. కోనేటి మెట్ల మీద నీళ్లు జారుతున్నాయి. ఊళ్లో పోయిన కరెంటు వచ్చిందని అరిచారెవరో. కుర్రాడి చెయ్యి మళ్లీ ప్లగ్గు మీదికి వెళ్లింది, కానీ ఈసారి తనే ఆగాడు. మీటరు తీశాడు. మీరు లైటు పట్టారు.

274.

ఊరంతా ఇంకా స్విచ్చులు వేయలేదు, లైను మీద బరువు లేదు. పెద్దాయన ఏమీ అనలేదు, గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కుర్రాడు మీటరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. 271. 266. ఇళ్లల్లో ఒక్కొక్కటిగా లైట్లు వెలుగుతున్నాయి. 258. 249. అప్పుడు ఎర్త్ చూశాడు: 248. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 1.

జనరేటర్ ఆపారు. ప్లగ్గు పెట్టాడు. డబ్బాలో ఎర్ర అంకెలు వెలిగి 180 నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. 179, 178. లోపలినుంచి ఎవరో "ఏసీ రాలేదేంటి?" అని అడిగారు.

"వస్తది మేడమ్, మూడు నిమిషాలు," అన్నాడు కుర్రాడు, అంకెల మీంచి కళ్లు తిప్పకుండానే. "ముందుగాల ఫ్రిజ్జు. అటెన్క ఒక్క ఏసీ."